చిన్న రైలు చెప్పే పెద్ద లెక్కలు

తాడ్వాయి వాళ్ళు రైలెక్కాలంటే కామారెడ్డి స్టేషనుకు వెళ్ళాలి. అక్కడ ప్లాట్‌ఫారం మీద నిలబడి రైలును చూస్తున్నప్పుడు, దాన్ని అచ్చం అలాగే చిన్నదిగా చేసి బడికి తెచ్చుకుంటే ఎంత బాగుంటుందో అని మీకు ఎప్పుడైనా అనిపించిందా? ఇంజను, పెట్టెలు, పట్టాలు, సిగ్నళ్ళు, స్టేషను, గేటు, గేటు దగ్గర ఆగిన ఎడ్లబండి, అన్నీ ఒక బల్ల మీద ఉండాలి. మీట నొక్కితే రైలు కదలాలి. సిగ్నలు ఎర్రగా ఉంటే ఆగాలి.

ఇదేం పెద్ద పని, అన్నిటినీ ఒకే లెక్కన తగ్గించుకుంటూ పోతే సరిపోతుంది కదా అంటారేమో! చేసి చూసినవాళ్ళు అలా అనరు. పొడవు మనం చెప్పినట్టు తగ్గుతుంది. బరువు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తగ్గిపోతుంది. కాలం ఎంత బతిమాలినా తగ్గదు. ఇక తగ్గించవలసిన అవసరమే లేనిది మరొకటి ఉంది. అదేమిటో చివర తెలుస్తుంది. ఒక్కొక్కటే చూద్దాం.

రైలు క్లబ్బులు

ఇలా చిన్న రైళ్ళను తయారుచేసి నడిపేవాళ్ళు చాలా దేశాల్లో క్లబ్బులు పెట్టుకున్నారు. వీటిలో చాలా పాతది లండన్‌లోని మోడల్ రైల్వే క్లబ్. అది 1910లో మొదలైంది. సభ్యులు వారం వారం కలుసుకుంటారు. ఒకరు పట్టాలు పరుస్తారు, ఒకరు ఇళ్ళు, చెట్లు చేస్తారు, ఒకరు తీగలు కలుపుతారు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి శ్రమించి ఒక నమూనా మార్గాన్ని పూర్తి చేస్తారు. తరువాత దాన్ని ముక్కలుగా విడదీసి, ఊళ్ళలో జరిగే ప్రదర్శనలకు తీసుకువెళ్ళి, మళ్ళీ బిగించి, జనం ముందు రైళ్ళు నడుపుతారు.

మన పొరుగు రాష్ట్రం మహారాష్ట్రలోని పుణె నగరంలో బి.ఎస్. జోషి అనే ఆయనకు ఈ సరదా ఉండేది. ఆయన 1980లలో తన చిన్న రైళ్ళతో ప్రదర్శనలు పెట్టారు. తరువాత వాటికోసం ఒక శాశ్వత భవనమే కట్టించారు. 1998లో ప్రజల కోసం తెరిచిన ఆ ప్రదర్శనశాలలో సిగ్నళ్ళు, వంతెనలు, ఊరి దీపాలు, రకరకాల రైళ్ళు ఒకే గదిలో కనిపిస్తాయి.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు 1946లో ఒక రైలు క్లబ్బు పెట్టుకున్నారు. అందులో కొందరికి బల్లపైన కొండలకు, ఇళ్ళకు రంగులు వేయడం ఇష్టం. మరికొందరికి బల్లకింద దూరి తీగలు, టెలిఫోను రిలేలు కలపడం ఇష్టం. బల్లకింద దూరినవాళ్ళలో కొందరు తరువాత ఆ సంస్థలోని తొలి కంప్యూటర్ల మీద ప్రోగ్రాములు రాసి పేరు తెచ్చుకున్నారు. ఏ మీట వేస్తే ఏ పట్టాకు కరెంటు వెళ్ళాలి అని ఆలోచించడం, కంప్యూటరుకు ప్రోగ్రాము రాయడం, రెండూ ఒకే రకం ఆలోచనలు మరి!

ఎంత తగ్గించాలి?

మొట్టమొదటి ప్రశ్న ఇది. పటం గీసేటప్పుడు స్కేలు పెట్టుకుంటాం కదా, ఇక్కడా అంతే. ప్రపంచంలో ఎక్కువమంది వాడే స్కేలు 1 : 87. అంటే అసలు వస్తువులో 87 సెంటీమీటర్లు ఉన్నది నమూనాలో 1 సెంటీమీటరు అవుతుంది. దీన్ని 'హెచ్.ఓ.' స్కేలు అంటారు.

87 అనే ఈ వింత అంకె ఎక్కడినుంచి వచ్చింది? యూరపులో, అమెరికాలో ఎక్కువ రైలు మార్గాల్లో రెండు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. బొమ్మ రైళ్ళ కంపెనీలు తయారుచేసే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 1435ను 16.5తో భాగించి చూడండి. 87 వస్తుంది.

మన దేశంలో బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. దీన్ని 87తో భాగిస్తే 19.3 మిల్లీమీటర్లు వస్తుంది. బజారులో దొరికే పట్టా 16.5 మిల్లీమీటర్లే. కాబట్టి మన రైలు పెట్టెను 1 : 87 స్కేలులో చేసి ఆ పట్టామీద పెడితే, లావుపాటి మనిషి కాళ్ళు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. అసలు రైలులో ఈ తేడా 24 సెంటీమీటర్లకు సమానం!

దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది. 87కు బదులు 100తో భాగించండి. 1676 మిల్లీమీటర్లు 16.76 మిల్లీమీటర్లు అవుతుంది. బజారు పట్టా 16.5. తేడా పావు మిల్లీమీటరు మాత్రమే! పైగా 1 : 100 స్కేలులో లెక్కలు ఎంతో సులువు. అసలు దానిలో ఒక మీటరు నమూనాలో ఒక సెంటీమీటరు. మన రైళ్ళను సొంతంగా తయారుచేసుకునే వారికి ఈ స్కేలు బాగా కుదురుతుంది. అయితే ప్రపంచంలో ఎక్కువ నమూనాలు 1 : 87లోనే ఉన్నాయి కనుక, ముందు ఆ లెక్కలే చూద్దాం.

పొడవు ఒక లెక్క, బరువు ఒక లెక్క

ఇప్పుడు వాడుతున్న కొత్తరకం ప్రయాణికుల పెట్టె పొడవు సుమారు 24 మీటర్లు. 87తో భాగిస్తే 27 సెంటీమీటర్లు దాటుతుంది. మీ గీతబద్దకంటే కాస్త చిన్నది. 22 పెట్టెల రైలు అయితే 6 మీటర్లు. మీ తరగతి గది ఈ గోడనుంచి ఆ గోడకు దాదాపు అంతే ఉంటుంది. ఒక కిలోమీటరు దూరం పదకొండున్నర మీటర్లు. రెండు స్టేషన్ల మధ్య 8 కిలోమీటర్లు ఉంటే నమూనాలో 92 మీటర్లు. బడి ఆవరణ కూడా చాలకపోవచ్చు! అందుకే ఏ నమూనాలోనూ స్టేషన్ల మధ్య దూరం నిజమైన స్కేలులో ఉండదు.

ఇప్పుడు బరువు సంగతి. పొడవు 87 రెట్లు తగ్గింది. వెడల్పు 87 రెట్లు తగ్గింది. ఎత్తు కూడా 87 రెట్లు తగ్గింది. ఘనపరిమాణం ఎంత తగ్గినట్టు? 87 × 87 × 87. గుణిస్తే 6,58,503 వస్తుంది. ఆరున్నర లక్షల రెట్లు!

మన దేశంలో ప్రయాణికుల రైళ్ళను లాగే డబ్ల్యు.ఎ.పి.-7 రకం విద్యుత్ ఇంజను బరువు 123 టన్నులు. అవే పదార్థాలతో, లోపలి భాగాలతో సహా 87 రెట్లు చిన్నదిగా చేయగలిగితే దాని బరువు 187 గ్రాములు. ఒక పెద్ద జామకాయ బరువు. పట్టాలను అదిమిపెట్టే ఆ మహాయంత్రం అరచేతిలో జామకాయ అయిపోయింది.

ఇందులో నష్టమేమిటి అంటారా? నష్టం ఉంది. పట్టా అతుకు దగ్గర అర మిల్లీమీటరు మిట్ట ఉందనుకోండి. కంటికి సరిగా ఆనదు కూడా. కానీ నమూనా రైలుకు అది 87 రెట్లు పెద్దదిగా తోస్తుంది. అంటే అసలు రైలు ముందు నాలుగు సెంటీమీటర్లకు పైగా ఎత్తున్న మెట్టు పెట్టినట్టే. పట్టామీద పడిన ఇసుక రేణువు బండరాయితో సమానం. అసలు రైలు చక్రానికి లోపలివైపు ఉండే అంచు సుమారు 28 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. పట్టా తప్పిపోకుండా చక్రాన్ని పట్టి ఉంచేది ఆ అంచే. నమూనాలో అది మిల్లీమీటరులో మూడోవంతు అవుతుంది. అంత చిన్న అంచు, అంత తేలిక పెట్టె, అంత పెద్ద మెట్టు! రైలు పట్టా తప్పక ఏం చేస్తుంది?

దీనికి అనుభవజ్ఞులు రెండు పనులు చేస్తారు. చక్రపు అంచును లెక్కకంటే లోతుగా చేస్తారు. పెట్టె అడుగున ఇనుప ముక్కలో, సీసపు ముక్కలో అంటించి లెక్కకంటే బరువుగా చేస్తారు. బరువు అడుగునే ఎందుకు? గరిమనాభి కిందికి ఉంటే పెట్టె ఒరిగిపోదు కనుక. చూడ్డానికి అసలు రైలులా ఉండాలంటే స్కేలు పాటించాలి. అసలు రైలులా నడవాలంటే కొన్నిచోట్ల స్కేలును వదలాలి.

ప్రతి నమూనాలో కొండ ఎందుకుంటుంది?

ఏ దేశపు నమూనా రైలు ప్రదర్శన ఫొటోలు చూసినా ఒక కొండ, కొండలో ఒక సొరంగం తరచుగా కనిపిస్తాయి. అందంకోసమే పెట్టారని అనుకుంటాం. దాని వెనుక ఒక లెక్క దాగి ఉంది.

మన బ్రాడ్‌గేజి మార్గంలో అన్నిటికంటే గట్టి మలుపు కూడా కనీసం 175 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో భాగమై ఉండాలి. అంతకంటే గట్టిగా తిప్పితే పొడవైన పెట్టెలు తిరగలేవు. 175ను 87తో భాగించండి. రెండు మీటర్లు. అంటే నమూనా రైలు ఒక గుండ్రం తిరిగి రావాలంటే నాలుగు మీటర్ల వెడల్పు బల్ల కావాలి. అంత పెద్ద బల్ల ఎవరింట్లో ఉంటుంది? అందుకే బజారులో అమ్మే వంపు పట్టాల్లో బాగా వాడుకలో ఉన్న ఒక రకానికి వ్యాసార్ధం 36 సెంటీమీటర్లే. అసలు రైలుకు అది 31 మీటర్ల వ్యాసార్ధం అవుతుంది. ఏ నిజమైన ఎక్స్‌ప్రెస్సూ అలా తిరగలేదు.

అంత గట్టి మలుపు కంటికి కనిపిస్తే వెంటనే బొమ్మ రైలని తెలిసిపోతుంది. కాబట్టి ఆ మలుపును కొండ వెనుక దాస్తారు! రైలు సొరంగంలోకి వెళుతుంది. లోపల చాటుగా గిరుక్కున తిరుగుతుంది. వెనుక వైపు జనానికి కనిపించని నాలుగైదు పట్టాలు ఉంటాయి. అక్కడ వేరే రైళ్ళు వరసగా నిలబడి ఉంటాయి. లోపలికి వెళ్ళింది గూడ్సు, బయటికి వచ్చేది ఎక్స్‌ప్రెస్సు. చూసేవారికి ఆ రైలు ఎక్కడో దూరాన ఉన్న ఊరినుంచి వచ్చినట్టే ఉంటుంది. నాటకంలో తెర వెనుక గది ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే.

గడియారం మాత్రం తగ్గదు

నిలబడి ఉన్న వస్తువుల విషయంలో కంటిని మోసం చేయవచ్చు. 1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమాలో ద్వారకా నగరాన్ని చిన్న చిన్న ఇళ్ళ నమూనాతోనే చూపించారు. చూసినవాళ్ళకు నగరమే కనిపించింది. కానీ కదిలే వస్తువు దగ్గర గుట్టు బయటపడుతుంది.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు సెకనుకు 27.8 మీటర్లు పోతుంది. నమూనాలో ఇది సెకనుకు 32 సెంటీమీటర్లు. నెమ్మదిగా నడిచే పసిపిల్లవాడి వేగం కంటే తక్కువ! బొమ్మ రైలు చేతికి రాగానే మనం మీటను చివరిదాకా తిప్పి సర్రున పరుగెత్తిస్తాం. అది గంటకు మూడు, నాలుగు వందల కిలోమీటర్ల వేగానికి సమానం. అందుకే అది బొమ్మలా కనిపిస్తుంది. క్లబ్బువాళ్ళు నడిపే రైలు చాలా మెల్లగా పోతుంది. చూస్తే నిజమైనదే అనిపిస్తుంది.

ఇంకా ముఖ్యమైనది ఆగడం. 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఒక రైలు బ్రేకు వేశాక ఒక కిలోమీటరు పోయి ఆగిందనుకుందాం. దానికి 72 సెకన్లు పడుతుంది. నమూనా రైలు కూడా 72 సెకన్లు తీసుకుని, పదకొండున్నర మీటర్లు పోయి ఆగితే స్కేలు ప్రకారం సరి. కానీ నమూనా రైలు చక్రాలకు అదే తీవ్రతతో బ్రేకు పడితే ఏమవుతుంది? ఆగే దూరం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుందని భౌతికశాస్త్రంలో చదువుకుంటారు. వేగం 87 రెట్లు తగ్గితే ఆగే దూరం 87 × 87, అంటే 7,569 రెట్లు తగ్గుతుంది. కిలోమీటరును 7,569తో భాగిస్తే 13 సెంటీమీటర్లు! సమయం చూస్తే ఒక సెకను కూడా పట్టదు. కరెంటు ఆపగానే బొమ్మ రైలు ఠక్కున ఆగిపోవడానికి కారణం ఇదే. అందులోని మనుషులు నిజమైనవాళ్ళయితే అందరూ ముందుకు పడిపోవలసిందే.

దీనిని సరిదిద్దడానికి మంచి నమూనా ఇంజన్లలో మోటారు ఇరుసుకు చిన్న ఇత్తడి చక్రం బిగిస్తారు. అది బరువుగా ఉంటుంది, వేగంగా తిరుగుతూ ఉంటుంది. కరెంటు ఆగినా జడత్వం వల్ల కొంతసేపు తిరుగుతుంది, ఇంజనును మరికొంత దూరం తీసుకుపోతుంది. తిరగలిని వేగంగా తిప్పి చెయ్యి తీసేసినా అది ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది కదా, అదే సూత్రం. ఇప్పటి నమూనాల్లో ఈ పనిని ఎలక్ట్రానిక్ పరికరాలు కూడా చేస్తాయి. మీట ఒక్కసారిగా తిప్పినా అవి వోల్టేజిని కొంచెం కొంచెంగా తగ్గిస్తాయి.

పట్టాల్లో కరెంటు

చాలా నమూనా రైళ్ళు 12 వోల్టుల ఏకదిశా విద్యుత్తుతో నడుస్తాయి. ఒక పట్టా ధనధ్రువం, రెండోది రుణధ్రువం. ఒక చక్రం గుండా కరెంటు మోటారులోకి వెళ్ళి, ఎదుటి చక్రం గుండా బయటికి వస్తుంది. రెండు పట్టాల్లో కరెంటు దిశను మారిస్తే మోటారు ఎదురు తిరుగుతుంది, రైలు వెనక్కి నడుస్తుంది. వోల్టేజి తగ్గిస్తే మెల్లగా పోతుంది.

ఇక్కడ మీకొక చిక్కు ప్రశ్న. ఒక కాగితం మీద రెండు సమాంతర గీతలు గీయండి. అవి రెండు పట్టాలు. ఎడమ పట్టాకు ఎర్ర పెన్సిలు, కుడి పట్టాకు నీలం పెన్సిలు వాడండి. ఇప్పుడు ఆ మార్గాన్ని చెవిపోగులా గుండ్రంగా తిప్పి మళ్ళీ అదే మార్గంలో కలపండి. ఏమైంది? ఎర్ర గీత వచ్చి నీలం గీతను తాకింది! ధనధ్రువం రుణధ్రువాన్ని నేరుగా తాకితే షార్ట్ సర్క్యూట్. అసలు రైలు మార్గంలో ఈ బాధ లేదు. విద్యుత్ ఇంజనుకు కరెంటు పైనున్న తీగ నుంచి వస్తుంది. నమూనాలో మాత్రం ఆ గుండ్రపు భాగంలో రెండు పట్టాలనూ మిగతా మార్గం నుంచి వేరుచేసి, దానికి విడిగా ఒక స్విచ్చి పెట్టాలి. రైలు గుండ్రంలో ఉండగానే మిగతా మార్గంలో కరెంటు దిశ మార్చాలి.

తగ్గించవలసిన అవసరం లేనిది

మొదట్లో ఒక మాట దాచి ఉంచాం. ఇప్పుడు చెప్పుకుందాం.

అసలు రైళ్ళు ఒకదానినొకటి ఢీకొనకుండా ఎలా నడుస్తున్నాయి? ఒక ప్రధాన సూత్రం ఉంది. రెండు స్టేషన్ల మధ్య లైనును ఒక భాగంగా లెక్కిస్తారు. ముందు స్టేషను మాస్టరు 'లైన్ క్లియర్' ఇస్తేనే వెనుక స్టేషను మాస్టరు రైలును పంపాలి. ఒక భాగంలో ఒక సమయంలో ఒక్క రైలే ఉండాలి.

లైనులో రైలు ఉందో లేదో తెలుసుకోవడానికి 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ అనే ఇంజనీరు ఒక తెలివైన ఏర్పాటు కనిపెట్టాడు. లైను ఒక చివర రెండు పట్టాలకు బ్యాటరీ కలుపుతారు. రెండో చివర ఒక రిలే, అంటే విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్చి ఉంటుంది. లైను ఖాళీగా ఉంటే కరెంటు పట్టాల గుండా రిలేకు చేరుతుంది. అది స్విచ్చిని పట్టి ఉంచుతుంది, పచ్చ దీపం వెలుగుతుంది. రైలు రాగానే దాని ఇరుసులు రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు ఇరుసుల గుండానే తిరిగిపోతుంది, రిలేకు అందదు. స్విచ్చి జారిపోతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది.

దీని గొప్పతనం ఇంకా ఉంది. బ్యాటరీ అయిపోయిందనుకోండి, రిలేకు కరెంటు అందదు, ఎర్ర దీపమే. తీగ తెగిపోతే ఎర్ర దీపమే. పట్టా పూర్తిగా విరిగి విడిపోయినా ఎర్ర దీపమే. పరికరం పాడైతే రైలు ఆగాలి తప్ప, ముందుకు పోకూడదు. చెడిపోయినా మనుషుల ప్రాణాలకు ముప్పు రాకుండా చెడిపోవాలి అన్నది రైల్వే సిగ్నళ్ళకు మూలసూత్రం.

ఇప్పుడు ఆలోచించండి. ఈ ఏర్పాటును 87 రెట్లు తగ్గించిన పట్టామీద పెడితే పనిచేయదా? అచ్చం అలాగే పనిచేస్తుంది! 'ఒక భాగంలో ఒక్క రైలే' అన్న నియమానికి పొడవు లేదు, బరువు లేదు. నియమానికి స్కేలు అక్కరలేదు. బల్ల మీద ఎంత నిజమో, బయట అంతే నిజం.

అందుకే రైల్వేవాళ్ళు చిన్న రైళ్ళను ఆటబొమ్మలుగా చూడరు. ఇంగ్లండులోని మాంచెస్టర్ విక్టోరియా స్టేషనులో 1912లోనే సిగ్నళ్ళ పనివారికి నేర్పడానికి ఒక పెద్ద నమూనా మార్గం కట్టారు. 1990ల దాకా దానిమీదే శిక్షణ ఇచ్చారు. ఇప్పుడది యార్క్ నగరంలోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఉంది. మన దేశంలోనూ రైల్వే శిక్షణ సంస్థల్లో నమూనా గదులు ఉంటాయి. హైదరాబాదు మౌలాలిలో దక్షిణ మధ్య రైల్వే వారి జోనల్ శిక్షణ సంస్థ ఉంది. సికింద్రాబాదులో సిగ్నల్ ఇంజనీర్లకు, టెలికాం ఇంజనీర్లకు శిక్షణనిచ్చే జాతీయ సంస్థ 1957 నుంచి పనిచేస్తున్నది.

నమూనా గదిలో ఇద్దరు శిక్షణార్థులు రెండు స్టేషన్ల మాస్టర్లుగా కూర్చుంటారనుకోండి. ఒకరు పొరపాటున లైను ఖాళీ కాకముందే రైలును వదులుతారు. రెండు చిన్న ఇంజన్లు ఎదురెదురుగా వచ్చి ఆగుతాయి. శిక్షకుడు ఆపి, ఎక్కడ తప్పు జరిగిందో చూపిస్తాడు. ఇంజన్లను చేత్తో ఎత్తి వెనక్కి పెడతారు. మళ్ళీ మొదలు. అదే తప్పు రేపు నిజమైన స్టేషనులో జరిగితే ఎత్తి వెనక్కి పెట్టడానికి ఏమీ మిగలదు. వందల మంది ప్రాణాలకు సంబంధించిన పాఠాన్ని, ఎవరికీ దెబ్బ తగలకుండా నేర్పగల శక్తి ఆ చిన్న రైలుకు ఉంది.

మీరూ చేయండి

ఈసారి వైజ్ఞానిక ప్రదర్శనకు మీ బడి తరఫున ఒక నమూనా మార్గం చేయండి. కరెంటు ఇంజను కొనే స్తోమత లేకపోయినా ఫరవాలేదు. మన పిల్లలు జొన్న బెండ్లతో ఎడ్లబండ్లు చేయడం కొత్తేమీ కాదు. ఆ బెండ్లు, అట్టలు, అగ్గిపుల్లలు చాలు. నిర్మల్ కళాకారులు తేలికైన పొనికి కర్రతో ఎంత చక్కని బొమ్మలు చేస్తారో మీకు తెలుసు. స్కేలు 1 : 100 పెట్టుకోండి. ఇంటిని, గేటును, చెట్టును టేపుతో కొలవండి. ప్రతి మీటరుకు ఒక సెంటీమీటరు. మీ ఎత్తు 150 సెంటీమీటర్లయితే మీ బొమ్మ ఒకటిన్నర సెంటీమీటరు ఉండాలి. తలుపు మనిషికంటే చిన్నదయితే చూసేవారు నవ్వుతారు!

పని పంచుకోండి. తాడ్వాయి చుట్టుపక్కల ఐదారు బళ్ళు కలిస్తే ఇంకా మంచిది. ఒక్కో బడి 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక్కో పలకను తయారుచేయాలి. ఒకరు చెరువు కట్ట, ఒకరు వరి పొలాలు, ఒకరు స్టేషను, ఒకరు రైల్వే గేటు. మధ్యలో ఎవరిష్టం వారిది. కానీ పలక అంచు దగ్గర పట్టా నేలనుంచి ఎంత ఎత్తులో ఉండాలి, ముందు అంచుకు ఎంత దూరంలో ఉండాలి అన్నది అందరికీ ఒక్కటే. అప్పుడు ఏ పలకనైనా ఏ పలకతోనైనా కలపవచ్చు. 1970లలో అమెరికాలో ఇలాంటి ఒప్పందం చేసుకున్న క్లబ్బులు ఎక్కడెక్కడి పలకలో తెచ్చి ఒకేచోట కలిపి రైళ్ళు నడిపాయి.

అందులో రాబిన్సన్ సర్క్యూటును తప్పక పెట్టండి. అట్టమీద అల్యూమినియం రేకు కాగితపు పట్టీలు రెండు, ఒకదానికొకటి తాకకుండా అంటించండి. అవే పట్టాలు. ఒక చివర మూడు టార్చి సెల్లులను 150 ఓముల నిరోధకం గుండా కలపండి. రెండో చివర పచ్చని ఎల్.ఇ.డి. దీపం కలపండి. దీపం వెలగకపోతే దాని కాళ్ళు తారుమారు చేయండి. దీపం వెలిగితే లైను ఖాళీ. ఇప్పుడు ఒక ఇనుప మేకును రెండు పట్టీలమీద అడ్డంగా పెట్టండి. అదే రైలు ఇరుసు. దీపం ఆరిపోతుంది! మేకు తీసి, ఈసారి ఒక పట్టీని మధ్యలో కత్తిరించండి. విరిగిన పట్టా అన్నమాట. దీపం అప్పుడూ ఆరుతుంది. చూడవచ్చిన వారికి ఈ రెండో సంగతిని తప్పకుండా వివరించండి. నిరోధకం లేకుండా సెల్లులను పట్టీలకు కలపవద్దు, షార్ట్ సర్క్యూటై సెల్లులు వేడెక్కుతాయి. ఇంటి కరెంటును ఈ ప్రయోగాలకు ఎప్పుడూ వాడకండి. కొలతల కోసమని నిజమైన పట్టాల దగ్గరికి వెళ్ళకండి. కావలసిన కొలతలు ఈ వ్యాసంలోనే ఉన్నాయి.

ప్రదర్శన రోజున బల్ల మరీ ఎత్తుగా లేకుండా చూడండి. మొదటి తరగతి పిల్లలకు కూడా కనిపించాలి కదా. ముందు ఒక తాడు కట్టండి. ఇద్దరు నడపాలి, ఒకరు వివరించాలి. ఇంజను ఉన్నవాళ్ళు గంటకోసారి పట్టాలను పొడి బట్టతో తుడవాలి. కంటికి ఆనని దుమ్ము పొర చాలు కరెంటును ఆపడానికి. దుమ్ముకు స్కేలు తెలియదు!

చివరగా మీకొక లెక్క. మీ నమూనా 1 : 100 స్కేలులో ఉంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే రైలును చూపాలి. మీ 120 సెంటీమీటర్ల పలకను దాటడానికి దానికి ఎన్ని సెకన్లు పట్టాలి? చేసి చూసుకోండి. 6 సెకన్లు వస్తే మీ రైలు సమయానికి నడుస్తున్నట్టే.